"ఒక్కదానివేనా బిడ్డా?" – ధర్మపురిలో మూడు రాత్రులు

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

ధర్మపురిలో గోదావరి మెట్ల మీద కూర్చున్న పది నిమిషాలకు నన్ను అడిగిన మొదటి మాట ఇది. అడిగింది పసుపు కుంకుమ, ఒత్తులు, ప్రమిదలు, రాగి చెంబులు అమ్మే దుకాణం అవ్వ. నాకు వెంటనే అర్థం కాలేదు. వీపు మీద పెద్ద బ్యాగు, తోడు ఎవరూ లేరు, ఎండకు ముఖం వాడిపోయి ఉంది, నీళ్ళ వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాను. ఆ రేవులో అలా కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా తట్టేది ఒకటే, ఇంట్లో ఎవరో పోయారు, అస్థికలు కలపడానికి వచ్చింది అని. "ఎవ్వరు పోలేదవ్వా, అందరు మంచిగనే ఉన్నరు, నేనే ఊరికె వచ్చిన" అన్నాను. అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఊరికెనా? ఒక్కదానివేనా?" అంది.

తర్వాత మూడు రోజుల్లో ఆ మాట కనీసం ముప్పై మంది అడిగి ఉంటారు. కండక్టర్, చాయ్ హోటల్ అన్న, గుడిలో లైన్లో నా ముందున్న పెద్దమ్మ, ఆఖరికి బట్టలు ఆరేసుకుంటున్న ఒక ఆరేళ్ళ పాప తల్లి. మొదటి రోజు ఆ ప్రశ్న వినగానే ఒళ్ళు మండేది. చివరి రోజుకు అదే ప్రశ్న కోసం ఎదురుచూసే స్థితికి వచ్చాను. అది ఎలా జరిగిందో రాసుకోవాలనే ఇది మొదలుపెట్టాను.

మాది హన్మకొండ. డిసెంబరు రెండో వారంలో నలుగురు స్నేహితురాళ్ళం అరకు పోదామని రెండు నెలల ముందే సెలవులు పెట్టుకున్నాం. తీరా దగ్గరికొచ్చేసరికి ఒకరికి ఆఫీసులో పని, ఒకరికి అత్తగారింట్లో పెళ్ళి, ఇంకొకరికి పిల్లాడి జ్వరం. నా సెలవు మాత్రం అలాగే ఉంది, దాన్ని వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు. టికెట్లు, బుకింగులు ఏమీ లేకుండా పొద్దున బ్యాగు వేసుకుని బస్టాండుకు పోతే మధ్యాహ్నానికి చేరాలి, పక్కన నది ఉండాలి, తొందర ఉండకూడదు. కాళేశ్వరం రెండుసార్లు చూశాను, బాసర చుట్టాలందరితో కలిసి వ్యానులో పోయి వచ్చాను. ధర్మపురి పేరు మాత్రం చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నా కాలు పెట్టింది లేదు. నరసింహ శతకం పద్యాలు బడిలో అప్పజెప్పిన ప్రతివాళ్ళూ మకుటంలో "శ్రీధర్మపురనివాస" అని పలికినవాళ్ళే కదా, ఆ శతకం చెప్పిన శేషప్ప కవి ఈ ఊరివాడే. నాన్న స్నానం చేస్తూ ఆ పద్యాలు పాడేవాడు, నాకు చాలా ఏళ్ళు అది మా బాత్రూములో పుట్టిన పాట అనే ఉండేది.

హన్మకొండ నుంచి కరీంనగర్, కరీంనగర్ నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి ధర్మపురి. మూడు బస్సులు, దాదాపు 150 కిలోమీటర్లు, ఆగుతూ పోతే ఐదున్నర గంటలు పట్టింది. మూడింటిలోనూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. దీని మీద ఎవరి వాదనలు వాళ్ళకు ఉండొచ్చు గానీ, నా పక్క సీట్లో కూర్చున్న అరవై ఏళ్ళ అత్తమ్మ చెప్పిన మాట మాత్రం నేను మర్చిపోను. ఆమె కరీంనగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కతే పోయి వస్తోంది. ఇదివరకు ఎక్కడికి పోవాలన్నా కొడుకును పైసలు అడగాల్సి వచ్చేదట, ఇప్పుడు చెప్పి పోతే చాలట. "అడుగుడు వేరు బిడ్డా, చెప్పుడు వేరు" అంది. అని, ఒళ్ళో ఉన్న జామకాయ చీరకొంగుతో తుడిచి సగం విరిచి నా చేతిలో పెట్టింది.

ఊళ్ళో దిగాక గది దొరకడమే పెద్ద టెన్షన్ అయింది. మొదట అడిగిన లాడ్జిలో కౌంటర్ దగ్గరున్న మనిషి రిజిస్టర్ తెరిచి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, ఎవరూ రావట్లేదని తెలిశాక రిజిస్టర్ మూసేశాడు. ఫ్యామిలీకే ఇస్తారట, ఆడపిల్ల ఒక్కతే అయితే ఇవ్వరట. రెండో చోట మా నాన్న ఫోన్ నంబర్ అడిగారు. నాకు ముప్పై రెండేళ్ళు, పదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, నా ఆధార్ నా చేతిలో ఉంది. వాళ్ళతో గొడవ పెట్టుకునే ఓపిక లేక బయటికొచ్చాను గానీ ఈ పద్ధతి తప్పు, గట్టిగా తప్పు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి తాళం వేసుకునే గది ఒకటి అందరికంటే ముందు కావాలి, అదే అందరికంటే ఆఖరున దొరుకుతోంది. ఆ కోపంతోనే తిన్నగా గోదావరి ఒడ్డుకు నడిచి మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడు అడిగింది అవ్వ, ఎవరు పోయిన్రు అని.

లాడ్జి సంగతి చెబితే అవ్వ ఏమీ అనలేదు. దుకాణం పక్క చాయ్ బండి అన్నను సామాను చూడమని చెప్పి, గుడి వెనక సందులోని తన ఇంటికి తీసుకుపోయింది. మేడ మీద ఒక గది, పండుగలప్పుడు యాత్రికులకు ఇస్తారట. రాత్రికి 400. నులక మంచం, ఒక ఫ్యాను, గోడకు నరసింహస్వామి క్యాలెండరు, కిటికీ తెరిస్తే రెండు పెంకుటిళ్ళ కప్పుల మధ్య నుంచి సన్నటి గీతలా నది. మూడు రాత్రులకు డబ్బులు ముందే ఇవ్వబోతే తీసుకోలేదు, "పోయేనాడు ఇయ్యి, యాడికి పోతవ్" అంది.

ఇక్కడ ఎవరూ గోదావరి అనరు. గంగ అంటారు. మా వైపు నాయనమ్మలు కూడా అలాగే అనేవాళ్ళు, గంగకు పోదాం, గంగల మునగాలె అని. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని తెలంగాణలోకి వచ్చి, సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు పారే నది ఇది. బడి పుస్తకంలో గోదావరి, నోట్లో గంగ. పుస్తకంలో పేరు పెట్టి పిలిస్తే నాకేదో దూరపు చుట్టంలా అనిపిస్తుంది, గంగ అంటే మాత్రం పెరట్లో బావి అంత దగ్గర. ఊరి గురించి ఇంకో మాట చెబుతారు, ఇక్కడ నది దక్షిణవాహిని అని, అంటే తూర్పుకు పోవాల్సిన నీళ్ళు ఈ ఊరి దగ్గర దక్షిణానికి మళ్ళుతాయి. అందుకే ఇక్కడి స్నానానికి, ఇక్కడ పెట్టే పిండానికి అంత విలువ.

నేను పోయినప్పుడు నీళ్ళు నిదానంగా, తేటగా ఉన్నాయి. ఆ నిదానాన్ని నమ్మొద్దని అవ్వ పదిసార్లు చెప్పింది. పైన పోచంపాడు గేట్లు ఎత్తితే ఈ నదే వేరు. 2022 జులై వరదలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దుకాణం గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది, నా భుజం కంటే పైకి. సామాను మొత్తం పోయిందట, ఒక్క రాగి చెంబుల గోనెసంచి మాత్రం బురదలో కూరుకుపోయి దొరికిందట. "గంగ పెట్టింది, గంగ తీస్కపోయింది, చెంబులు మల్ల నాకే ఇడిసిపెట్టింది" అని మామూలుగా చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు.

పొద్దున్నే ఐదున్నరకు లేచి రేవుకు పోయేదాన్ని. మూడు రోజులూ అదే, అందులో నాకు విసుగన్నది రాలేదు. మంచు నీళ్ళ మీద పొరలా కూర్చుని ఉంటుంది, అవతలి ఒడ్డు అసలు కనిపించదు. గుడి మైకులో సుప్రభాతం. నీళ్ళలోకి దిగేవాళ్ళు మొదట పాదాలు పెట్టి అబ్బా అని వెనక్కి గుంజుకుంటారు, తర్వాత దేవుడి పేరు గట్టిగా తలచుకుని ఒక్కసారే మునుగుతారు. తెప్ప మీద చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ములు రాత్రి వేసిన వల తీసుకుంటూ వస్తారు, బొచ్చెలు, జెల్లలు, ఒక్కోసారి ఏమీ ఉండవు. నేను రెండో రోజు దిగాను. మెట్ల దగ్గరే, మోకాలు లోతులో, మూడు మునకలు. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే పక్కనున్న ఒక అక్క తన పొడి తువ్వాల నా భుజం మీద వేసింది, వేసి అడిగింది, ఒక్కదానివేనా అని. ఈత రాని వాళ్ళు, వచ్చినవాళ్ళు కూడా, దయచేసి మెట్లు వదిలి లోపలికి పోకండి. పైకి మోకాలు లోతు కనిపించిన చోట పక్క అడుగులో గుంత ఉంటుంది.

ఒక బాధ కూడా చెప్పాలి. కర్మకాండ అయ్యాక ఒంటి మీది బట్టలు నదిలో వదిలేసే అలవాటుంది. పాత చీరలు, ధోవతులు, ప్లాస్టిక్ కవర్లు మెట్ల చివర రాళ్ళకు చుట్టుకుని ఉంటాయి. ఇద్దరు సఫాయి అక్కలు పొడుగాటి కర్రలతో వాటిని పైకి లాగి కుప్ప వేస్తున్నారు, నీళ్ళు పట్టిన చీర ఎంత బరువుంటుందో ఒకటి లాగి చూస్తే తెలిసింది. పోయినవాళ్ళ పేరు మీద నదికి ఇంత బరువు మోపాల్సిన పని లేదు. బట్టలు ఒడ్డునే విడిచి పక్కన పెడితే సరిపోతుందని ఒక పంతులుగారు కూడా వచ్చినవాళ్ళకు చెప్పడం విన్నాను, ఆయనకు దండం పెట్టాలనిపించింది.

గుళ్ళ గురించి ఎక్కువ రాయను, దర్శనానికి పోయే దారి ఎవరైనా చెబుతారు. యోగానంద నరసింహస్వామి ఒక గుడి, ఉగ్ర నరసింహస్వామి ఇంకో గుడి, వేంకటేశ్వరస్వామి, పక్కనే రామలింగేశ్వరుడు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అప్పుడు ఊరు కిక్కిరిసిపోతుంది, ఉత్సవమూర్తులను కోనేరులో తెప్ప మీద తిప్పుతారు. నన్ను పట్టి ఉంచింది యమధర్మరాజు గుడి. యముడికి గుడి ఉండటం మన దగ్గర చాలా అరుదు. ఇక్కడ ఆయన కోరలతో, చేతిలో దండంతో నిలబడి ఉంటాడు, ముందు గండదీపం వెలుగుతూ ఉంటుంది, వచ్చినవాళ్ళందరూ అందులో తలా ఇంత నూనె పోస్తారు. నెలనెలా భరణి నక్షత్రం రోజున ప్రత్యేకంగా అభిషేకం చేస్తారు. ధర్మపురికి వచ్చినవాళ్ళకు యమపురి లేదని సామెతే ఉంది. నేను పెద్దగా మొక్కులు మొక్కే మనిషిని కాదు, అయినా ఆ దీపంలో నూనె పోసేటప్పుడు చెయ్యి కొంచెం వణికింది, మా ఇంట్లో వాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా వెనక నిలబడ్డ ఒక తాత నూనె సీసా వంచి ఎంతసేపు పోశాడో, ఆయన ఎన్ని పేర్లు తలచుకున్నాడో.

తిండి సంగతి. పొద్దున టిఫిన్ బయట తినేదాన్ని, బస్టాండు దగ్గర ఇడ్లీ, మిర్చి బజ్జీ, అల్లం చాయ్. మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేశావని అవ్వ మొదటి రోజు అడిగింది, రెండో రోజు నుంచి అడగలేదు, పెట్టింది. ముద్దపప్పు, పచ్చిపులుసు, దాంట్లోకి నంజుకోవడానికి చల్ల మిరపకాయలు. రాత్రి ఒకసారి మేము సర్వపిండి అనే దాన్ని చేసింది, అక్కడ దాన్ని సర్వప్ప అంటారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, ఎల్లిపాయ కారం కలిపి గిన్నె లోపలి గోడలకు వత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేసి మూత పెడతారు. అమ్మ కూడా ఇదే చేస్తుంది గానీ ఇంత మందంగా వత్తదు. అవ్వ చేసింది అడుగున ఎర్రగా, కరకరలాడుతూ, మీద మెత్తగా ఉంది. పేరు ఏదైనా సరే, మందంగా వత్తడమే మంచిదని నేను అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు.

మూడో రోజు పొద్దున కోటిలింగాల పోయి వచ్చాను. వెల్గటూరు మండలం, ధర్మపురి నుంచి రాయపట్నం మీదుగా పోవాలి, బస్సు దిగాక ఆటో. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. శాతవాహన వంశానికి మొదటివాడని చెప్పే సిముకుడి నాణేలు ఇక్కడ దొరికాయి. ఆయన కంటే ముందటి రాజులవి, గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లతో ఉన్నవి కూడా ఇక్కడే దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందటి ఊరు, రేవు, ఇటుక కట్టడాలు. శాతవాహనులు అనగానే మనకు బడిలో వేరే ఊళ్ళ పేర్లే చెప్పారు, మా జిల్లాల పక్కన, మేము గంగ అని పిలిచే నీళ్ళ ఒడ్డున వాళ్ళ మొదటి నాణేలు ఉన్నాయని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఇప్పుడు అక్కడ కనిపించేది ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నిలిచిన నీళ్ళు, కోటేశ్వరస్వామి గుడి, నాటు పడవలు. పాత దిబ్బలో కొంత నీళ్ళ పాలైంది. ఆటో అన్న నన్ను ఒడ్డున దింపి "చూసేది ఏమున్నదక్కా, నీళ్ళే కదా" అన్నాడు. నాణేల సంగతి చెబితే బండి ఆపేసి నాతో పాటు వచ్చి నిలబడ్డాడు, ఆ రాజుల పేర్లు నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు, తన కూతురు ఏడో తరగతి, ఇంటికి పోయి చెబుతాడట. తిరుగు ప్రయాణానికి డబ్బులు తక్కువే తీసుకున్నాడు. అక్కడొక బోర్డు, చిన్న మ్యూజియం లాంటిది ఊరి పిల్లలకు అందుబాటులో ఉండాలని నాకు చాలా బలంగా అనిపిస్తోంది.

ఆ సాయంత్రమే నాకు ఆ ప్రశ్న అర్థమైంది.

నేను దుకాణంలో అవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని ఒత్తులు కట్టలు కడుతున్నాను. పొద్దు గూకే వేళ, రేవులో జనం పలచబడ్డారు. నలభై ఏళ్ళ మనిషి ఒకాయన, తెల్ల చొక్కా, చేతిలో ఎర్ర గుడ్డ కట్టిన చిన్న కుండ, మెట్ల దగ్గర ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. అవ్వ అక్కడి నుంచే అడిగింది, "ఒక్కనివేనా కొడుకా?" నన్ను అడిగిన గొంతుతోనే, అదే మాట. ఆయన అవునన్నట్టు తల ఊపాడు. "ఎవరు?" అంటే "అమ్మ" అన్నాడు. ఆ ఒక్క మాట అనేసరికి ఆయన గొంతు పూడుకుపోయింది. అన్నదమ్ములు దుబాయ్‌లో ఉన్నారట, రాలేకపోయారట. మా జిల్లాల్లో ఇది ప్రతి ఊళ్ళో ఉన్న కథే. అవ్వ లేచి, చీరకొంగు బిగించుకుని, గల్లా పెట్టె నా వైపు జరిపి "జర చూస్కో" అని ఆయన వెంట మెట్లు దిగి పోయింది. పంతులుగారిని పిలిపించింది, ఆయనకు చెప్పులు ఎక్కడ విడవాలో చూపించింది, ఆయన నీళ్ళలో దిగినప్పుడు ఒడ్డున చెంబు పట్టుకుని నిలబడింది. ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో నేను రెండు ప్రమిదలు, ఒక పసుపు ప్యాకెట్టు అమ్మాను, కొబ్బరికాయ ధర తెలియక చాయ్ బండి అన్నను అడిగాను.

తిరిగొచ్చి కూర్చుని ఎప్పటిలాగే ఒత్తులు తీసుకుంది. రోజూ ఇట్లాగే పోతావా అవ్వా అని అడిగితే, "ఒక్కలే అస్తే తోడు ఉండాలె గద" అంది. అంతే. అప్పటిదాకా నేను ఆ మాటను నా మీద వేసిన నిఘా అనుకున్నాను. లాడ్జి కౌంటర్ మీద అడిగిన "ఒక్కరేనా" కచ్చితంగా అదే, దాని గురించి నా అభిప్రాయం మారలేదు. రేవులో అడిగిన "ఒక్కదానివేనా" మాత్రం, నీకు తోడు నేను రావాలా వద్దా అని తెలుసుకోవడం. రెండూ ఒకే మాటలు కాబట్టి నాకు తేడా వినిపించలేదు.

ఎవరైనా పోవాలనుకుంటే డబ్బుల లెక్క కూడా చెబుతాను. గదికి 1,200, టిఫిన్లు చాయ్‌లు 350, ఆటోలు 160, గుళ్ళో దీపాలకు 60. మొత్తం 1,770. బస్సుకు రూపాయి కాలేదు. మగవాళ్ళయితే టికెట్ల డబ్బులు కలుపుకోండి. శని ఆదివారాలు రద్దీ ఎక్కువ, వారం మధ్యలో పోతే రేవు మీతో మాట్లాడుతుంది. ఒక మంచి దుప్పటి, త్వరగా ఆరే తువ్వాల, టార్చిలైటు చాలు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, 2015లో జులై 14 నుంచి 25 దాకా జరిగినప్పుడు ఊళ్ళో అడుగు పెట్టే జాగా లేదట. నిదానంగా చూడాలనుకునేవాళ్ళు ఆ లోపే పోయి రండి. అవ్వ మాత్రం నన్ను పుష్కరాలకే రమ్మంది, దుకాణంలో చెయ్యి సాయం కావాలట.

ఆదివారం పొద్దున బస్సు ఎక్కించడానికి అవ్వ రాలేదు, గిరాకీ ఉంది. గది డబ్బులు ఇస్తే లెక్కపెట్టుకుని, వంద తిరిగి నా చేతిలో పెట్టి, వద్దంటే వినకుండా "దుకాణం చూసినవ్ గద" అంది. దాంతో పాటు ఒక స్టీలు డబ్బా, వేడివేడి సర్వప్ప ముక్కలు నాలుగు. జగిత్యాల దాటేలోపే రెండు అయిపోయాయి, పక్క సీటు అక్కకు ఒకటి ఇచ్చాను. ఇచ్చి అడిగాను, ఒక్కరేనా అక్కా అని. పుట్టింటికి పోతోందట, రెండేళ్ళ తర్వాత, కరీంనగర్ దాకా చెబుతూనే ఉంది.

డబ్బా ఇప్పుడు మా వంటింట్లో ఉంది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని అమ్మ దాన్ని పై అరలో పెట్టింది, సంక్రాంతికి సకినాలు చుట్టాక నింపి పంపుతుందట. పంపడం ఎందుకు, నేనే పోయి ఇచ్చొస్తానన్నాను. అమ్మ కొంచెంసేపు సకినాల పిండికి బియ్యం ఎంత పోయాలో లెక్క చూసుకుని, "నేను గూడ అస్తా, ఆ సర్వప్ప ఎంత మందం వత్తుతదో చూస్తా" అంది.